ఏడు బిళ్లలు, పద్నాలుగు రోజులు

నాచారం,
12 సెప్టెంబర్ 2023.

అన్నా,

నాలుగేళ్లలో ఇది నా మొదటి ఉత్తరం. బాగున్నావా అని అడగను. నువ్వున్నది అత్తగారిల్లు కాదు. నాయిన రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. చర్లపల్లి జైలు ఇక్కణ్నుంచి బస్సులో ముప్పావుగంటే, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ములాఖత్‌కి రాను. జాలీ వెనక నీ మొఖం చూసే ఓపిక నాకు లేదు.

ఫోన్లో నాయిన నీకు "కడుపుల జర పుండయింది, కోసిన్రు, మంచిగైంది" అని చెప్పాడట. అబద్ధం. అది పుండు కాదు, కేన్సర్. ఆగస్టు ఇరవై రెండున పెద్ద దవాఖానాలో కడుపు ముప్పావు వంతు కోసి తీసేశారు. రక్తం రెండు బాటిళ్లు కావాలన్నారు. ఒకటి నేనిచ్చాను. రెండోది మా షిఫ్టు సూపర్‌వైజర్ ప్రశాంత్ ఇచ్చాడు. పరాయివాడు. ఆ ప్లాట్ల బ్రోకర్ మన పిండి గిర్ని ముందు నాయిన చెంప మీద కొట్టాడని నువ్వు బోల్టులు బిగించే పాన తీసుకుని వాడి తల పగలగొట్టావు. వాడు చచ్చాడు, నీకు పదేళ్లు పడింది. నాయిన కోసమే చేశానని కోర్టులో కూడా చెప్పావు. నాయినకు రక్తం కావలసిన రోజు మాత్రం నువ్వు లేవు. ఇది రాయకుండా ఈ ఉత్తరం ముందుకు పోదు, అందుకే రాశాను. ఇక అసలు సంగతి.

ఎన్నాళ్లు బతుకుతాడని పెద్ద డాక్టరును అడిగితే "ముందు ట్రీట్‌మెంట్ మొదలుపెడదాం" అన్నాడు. మళ్లీ అడిగితే నా బట్టలు చూసి, "మీకు అర్థం కాదు బాబూ" అన్నాడు. నేను టెన్త్ ఫెయిల్ అని నా మొఖం మీద రాసి ఉందా? మూతల కంపెనీలో ఇన్‌స్పెక్షన్ సీటు ఎవడూ నాకు దానం చెయ్యలేదు. లెక్కలూ ఇంగ్లీషూ ఫోన్లో చూసి నేర్చుకుని సంపాదించుకున్నాను. అట్లాగే దీన్నీ వెతికాను. ఆపరేషన్ అయినవాళ్ల వివరాలు వేలకు వేలు కలిపి ఒక లెక్క తయారు చేశారు. వయసెంత, గడ్డ గోడలో ఎంత లోతుకు దిగింది, కడుపు చుట్టూ ఉండే గ్రంథుల్లో ఎన్నింటికి పాకింది, ఇవి నింపితే మళ్లీ వచ్చే అవకాశం ఎంతో, అయిదేళ్లు బతికే అవకాశం ఎంతో చెప్తుంది. ఆ గ్రంథుల్ని అమ్మ బిళ్లలు అంటుంది. నాయిన రిపోర్టులో పాకిన బిళ్ల ఒకటే. అన్నీ నింపాను. వందలో అరవై ఒకటి అని వచ్చింది.

అరవై ఒకటి. నేను ఏడవలేదు కానీ ఏడుపు దగ్గరదాకా వచ్చింది.

నాయినకు చెప్పాను. ఆయన మంచం మీద నుంచే గిర్ని వైపు చూశాడు. "మూటల చెయ్యి వెట్టి తాలు ఎంతున్నదో నేనూ చెప్తరా. గని ఏ గింజ తాలో చెప్పుమంటే నాకేం ఎరుక?" అన్నాడు. అమ్మ వెంటనే అందుకుంది. "పిలగాడు మంచి మాట చెప్తె నీ గిర్ని ముచ్చటేంది? నోరు మూసుకొని పండు."

గిర్ని ఇప్పుడు అమ్మే నడుపుతోంది. తల నిండా జొన్నపిండితో తిరుగుతోంది.

నీ తమ్ముడు అని రాయాలి కాబట్టి,
భూపాల్.


చర్లపల్లి,
24 సెప్టెంబర్ 2023.

తమ్మీ,

ఇక్కడ ఉత్తరాలు ముందు వాళ్లు చదివి, తర్వాత మనకిస్తారు. జైలర్ సారు నీది చేతికిస్తూ, "ఏందయ్యా ఉమాశంకర్, మీ తమ్ముడు మస్తు కోపిష్టి ఉన్నడు" అన్నాడు. "మా ఇంట్ల అందరు గంతే సార్. నేనొక్కణ్ణి దొరికిన" అన్నాను. ఆయన నవ్వాడు.

నువ్వు తిట్టినవన్నీ న్యాయమే. ఆ ప్రశాంత్‌కు నా దండం చెప్పు.

అరవై ఒకటి అంటే మంచిదేనా? మన బడిలో ముప్పై అయిదు వస్తే పాస్. నువ్వు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయావు, నాయిన అరవై ఒకటి తెచ్చుకున్నాడు. నవ్వుకో జర.

ఇప్పుడు ఒక పని చెప్తున్నాను, కోపం పక్కన పెట్టి విను. నడవడిక బాగున్నవాళ్లకు ఏడాదికోసారి రెండు వారాలు ఇంటికి పంపుతారు. నాలుగేళ్లకు నా వంతు వచ్చింది. దసరాకు వద్దామని దరఖాస్తు కూడా పెట్టాను. కానీ నాయిన మొన్న ఫోన్లో, "ఇప్పుడు రాకు బిడ్డా. నాకు ముద్ద దిగుతలేదు. కడుపు కుదురుకున్నంక రా. పక్కపక్కన కూసొని తిందాం" అన్నాడు. నువ్వు రాసిన అంకె చూశాక నాకూ అదే మేలనిపించింది. ఒక్కసారే దొరికే రోజులు కదా, ఆయన వాంతులు చేసుకుంటుంటే చూడటానికి ఖర్చు పెట్టడం ఎందుకు? వేసవికి వస్తాను. ఇక్కడ నన్ను వంటశాలలో వేశారు. పొద్దున్నే వందల మందికి జావ కాస్తున్నాను. వచ్చాక ఆయనకు నేనే వండి పెడతాను.

అయితే మంజూరు ముందే అయి ఉండాలి. ఇంటి నుంచి ఒకరు పూచీ సంతకం పెట్టాలి. ఇతను మా ఇంట్లోనే ఉంటాడు, గడువు రోజున వెనక్కి పంపుతాం అని. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఆ కాగితం తెస్తాడు. సంతకం పెట్టు తమ్మీ.

అమ్మను మూతికి గుడ్డ కట్టుకోమను. పిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీ అన్న,
ఉమాశంకర్.


నాచారం,
19 నవంబర్ 2023.

అన్నా,

కీమో మూడుసార్లు అయింది. ఇంకా అయిదు. చన్నీళ్లు ముట్టుకుంటే నాయిన వేళ్లకు కరెంటు షాక్ కొట్టినట్టుంటుందట. మొన్న గిర్ని స్విచ్ పట్టుకుని, ఇనుము చల్లగా ఉండటంతో కెవ్వుమన్నాడు. దవాఖానాలో పొద్దున ఏడుకు కూర్చుంటే మధ్యాహ్నం మూడుకు మంచం దొరుకుతుంది. పక్కన కుర్చీలో పెద్దమనిషి ఒకడు, "అంతా పూర్వజన్మ కర్మ" అన్నాడు. "మా నాయిన పూర్వజన్మలో కూడా గిర్నియే నడిపాడు, నీకేం తెలుసు" అన్నాను. నాయిన నా చెయ్యి గిల్లాడు.

కాగితం తెచ్చారు. తేవడమా అది? కానిస్టేబుల్ గిర్ని ముందు బండి ఆపి, అంత లైన్లో నిలబడ్డ ఆడవాళ్ల ముందు, "ఖైదీ ఉమాశంకర్ ఇల్లు ఇదేనా" అని అరిచాడు. నాలుగేళ్లు పట్టింది అన్నా, వీధి ఆ పేరు మరిచిపోవడానికి. ఒకామె సగం పట్టిన గోధుమలు మూటగట్టుకుని పోయింది. నాకు తిక్క లేచి ఆ కాగితాన్ని గల్లాపెట్టె కింద తోశాను. నువ్వు ఎట్లాగూ వేసవికే కదా వచ్చేది. చూద్దాం.

భూపాల్.


చర్లపల్లి,
30 డిసెంబర్ 2023.

భూపాల్,

సంతకం లేదని నా దరఖాస్తు కొట్టేశారు. నెల దాటితే అంతేనట. మళ్లీ పెట్టుకోవడానికి ఆరు నెలలు ఆగాలి. జూన్.

నిన్ను ఏమీ అనను. వీధిలో తలెత్తుకుని తిరగాల్సింది నువ్వు. నేను రాకపోతేనే మీకు సుఖమని ఒక్క మాట రాసి ఉంటే అర్థం చేసుకునేవాణ్ని. గల్లాపెట్టె కింద పెట్టక్కర్లేదు.

పోనీ. అరవై ఒకటి ఉంది కదా, తొందరేం లేదు. నాయినకు ఈ సంగతి చెప్పకు. సెలవు నేనే వాయిదా వేసుకున్నానని చెప్పు.

ఉమాశంకర్.


నాచారం,
11 ఫిబ్రవరి 2024.

అన్నా,

నువ్వు రావద్దని నేను ఎప్పుడు అన్నాను? నీ మీద కోపం కాగితం మీద చూపించాను. నెల గడువుందని నువ్వు రాయలేదు, ఆ పోలీసాయన చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నాది. ఇది ఒకటో తప్పు. రెండోది దీనికన్నా పెద్దది. దానికోసమే ఈ ఉత్తరం.

మా కంపెనీలో మందు సీసాల మూతలు చేస్తామని తెలుసు కదా. మూడు వేల మూతలు ఒక లాట్. లాట్ మొత్తం ఎవడూ చూడలేడు. అందులోంచి నూట ఇరవై అయిదు తీసి చూడాలి. ఎన్ని ఖరాబు ఉన్నాయో దాన్ని బట్టి లాట్ పాసా ఫెయిలా చెప్పాలి. అదే నా ఉద్యోగం. శుక్రవారం బండి గేటు దగ్గర నిలబడి ఉంది. ప్రశాంత్ పరుగెత్తుకొచ్చాడు.

"భూపాల్, ఎన్ని సూసినవ్?"

"ఏడు. ఒకటి ఖరాబున్నది."

"ఒక్కటే గదనే! సంతకం వెట్టు. డ్రైవర్ లొల్లి వెడుతుండు."

నాకు మండింది. "ఏడు ముక్కలు సూసి మూడువేలు పాస్ చెయ్యాల్నా? తలకాయున్నదా నీకు? ఏడింట్లనే ఒకటి దొరికిందంటె, సూడనివాట్ల ఎన్నున్నయో ఎవనికెరుక?"

అన్నాను. అని ఆగిపోయాను. ప్రశాంత్ ఇంకా ఏదో అరుస్తున్నాడు, నాకు వినపడలేదు. నాయిన రిపోర్టులో ఆ వాక్యం కళ్లముందుకొచ్చింది. చూసిన బిళ్లలు ఏడు. పాకింది ఒకటి.

ఏడే చూశారు అన్నా.

బాత్రూంలోకి పోయి ఫోన్ తీశాను. ఆ లెక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. కనీసం పదహారు బిళ్లలు పరీక్ష చెయ్యకపోతే ఈ అంచనాను నమ్మవద్దు అని. సెప్టెంబర్‌లో కూడా ఉంది. నేను చదవలేదు. అరవై ఒకటి కనపడగానే ఫోన్ మూసేశాను. పొద్దుగూకులూ మూతలకు చేసే పని మా నాయినకు చెయ్యలేదు.

శనివారం దవాఖానాకు పోయాను. పెద్ద డాక్టరు లేడు. స్నిగ్ధ అని చిన్న డాక్టరమ్మ, నా ఈడే ఉంటుంది. రిపోర్టు బల్ల మీద కొట్టి అరిచాను. ఏడు చూసి పంపిస్తారా, మా నాయిన పాణం మూతకన్నా తక్కువనా అని. ఆమె కదల్లేదు. "అరవండి. అయ్యాక వినండి" అంది.

అయ్యాక విన్నాను.

"ఆపరేషన్ మధ్యలో రక్తం చాలా పోయింది. బీపీ పడిపోయింది. మనిషిని బతికించడానికి తొందరగా ముగించారు. తీసిన దాంట్లో వెతికితే ఏడే దొరికాయి. మిగిలినవి లోపలే ఉన్నాయి. వాటిలో ఏముందో మాకు తెలీదు."

"మరి అరవై ఒకటి?"

"ఆ అంకె మీ నాన్నగారిది కాదు."

"ఎవరిది?"

"పదహారో ఇరవయ్యో చూస్తే, అందులో ఒకటే దొరికినవాళ్లది."

"మా నాయినది ఎంత?"

రిపోర్టు మళ్లీ తిరగేసింది. "ముప్పై అనుకోండి. అది కూడా నా ఊహే. వచ్చేదుంటే ఎక్కువమందికి మొదటి రెండేళ్లలోనే వస్తుంది." ఒక మనిషి నాకు అర్థమవుతుందనుకుని మాట్లాడటం ఆ దవాఖానాలో అదే మొదటిసారి. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక బస్టాండు దాకా నడిచాను.

వేసవి దాకా ఆగమని చెప్పింది నా అంకె. జూన్ వరకు ఆపింది నా గల్లాపెట్టె. జైల్లో ముందే పంపే దారి ఏదైనా ఉంటే చూడు. ముందే రా.

భూపాల్.


చర్లపల్లి,
3 మార్చి 2024.

తమ్మీ,

బల్ల మీద కొట్టావన్న మాట రెండుసార్లు చదివాను. రిపోర్టుతో కొట్టావా, చేత్తోనా? అట్లాంటిదే ఒక్క క్షణం నాది. పాన నా చేతిలోకి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ గుర్తు లేదు. మన చేతులు మనకన్నా ముందుంటాయి తమ్మీ. ఇక మీదట నీకు మండినప్పుడు చెయ్యి జేబులో పెట్టుకో. ఒట్టేసి చెప్పు. ఇంట్లో నుంచి ఇక్కడికి ఒక్కడు చాలు.

ముందే రావడానికి దారి లేదు. మనిషి చావుబతుకుల్లో ఉన్నాడని డాక్టరు రాసిస్తే వేరే సంగతి. కానీ రాసివ్వడానికి ఏముంది? మొన్న ఆదివారమే నాయినతో మాట్లాడాను. "రెండు జొన్నరొట్టెలు తిన్న బిడ్డా, మీ అమ్మ అంబాడి కూర చేసింది" అన్నాడు. గొంతు కూడా గట్టిగా ఉంది. నువ్వేమో ముప్పై అంటావు. సెప్టెంబర్‌లో అరవై ఒకటి అన్నావు. చూడని బిళ్లల్లో ఏమీ లేకపోవచ్చు కూడా కదా? సంతకం పెట్టనందుకు లోపల గుచ్చుకుంటోంది నీకు, అందుకే అన్నీ నల్లగా కనపడుతున్నాయి. నేనేమీ మనసులో పెట్టుకోలేదు. జూన్‌లో వస్తాను. నాయినా నేనూ చెరి రెండు రొట్టెలు తింటాం.

మీ అన్న,
ఉమాశంకర్.


నాచారం,
20 జూన్ 2024.

అన్నా,

రెండు రొట్టెలు అబద్ధం. ఆ ఆదివారం పావు రొట్టె తిని, నీ ఫోన్ పెట్టేశాక దాన్ని కూడా కక్కుకున్నాడు. నీతో మాట్లాడేటప్పుడు మంచం పట్టె పట్టుకుని కూర్చుంటాడు, గొంతు గట్టిగా రావాలని. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇవాళ ఒట్టు తీసేశాను.

పదిహేను రోజులుగా నాయినకు లుంగీ ముడి పడటం లేదు. కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బుతోంది. "లావైతున్నరా, మీ అమ్మ తిండి వంటవట్టింది" అన్నాడు. దవాఖానాలో సూది పెట్టి మూడు లీటర్ల నీళ్లు తీశారు. ఆ నీళ్లలో కేన్సర్ ఉంది. కడుపు లోపలి పొరంతా పాకిందట. చూడని బిళ్లల్లో ఏముందో ఇప్పుడు తెలిసింది.

ఎన్నాళ్లు అని డాక్టరమ్మను అడిగాను.

"వారాలు. రెండు, మూడు."

"నెలలు కాదా?"

"ఇంతకుముందు మీరే ఒక అంకె నమ్మారు. మళ్లీ నన్ను ఎందుకు అడుగుతున్నారు?"

"మా అన్నకు పద్నాలుగు రోజులే దొరుకుతయి మేడం. ఏ పద్నాలుగో చెప్పాలె."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇప్పుడే పిలవండి అంది. కాగితం కూడా రాసిచ్చింది.

పూచీ సంతకం పెట్టాను. కానిస్టేబుల్ కోసం చూడలేదు, నేనే స్టేషన్‌కు మూడుసార్లు తిరిగాను. అక్కడ కాగితాలు రాసే రైటర్ "ఏంది, అన్న మీద గంత పావురమా, గంత ప్రేమనా?" అని వెటకారం చేశాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

వచ్చేయి. అంకె తప్పయితే ఈసారి కూడా నాదే.

భూపాల్.


చర్లపల్లి,
24 జూలై 2024.

తమ్మీ,

గేటు లోపలికి వచ్చి మూడు రోజులయింది. పద్నాలుగు రోజులు ఒకే గదిలో పడుకుని కూడా నీతో చెప్పలేని మాట ఒకటి ఉంది. ఎదురుగా చెప్పలేక కాగితం మీద రాస్తున్నాను.

మంజూరు కాగితం చేతికొచ్చేసరికి రెండు వారాలు దాటింది. నేను వచ్చిన రోజు నాయిన నవ్విన నవ్వు నువ్వు చూశావు. మూడో రోజు నుంచి ఆయన మెతుకు ముట్టలేదు, నీళ్లు కూడా వద్దన్నాడు. రోగం ముదిరింది అనుకున్నారు మీరు. నేనూ అదే అనుకున్నాను. అయిదో రోజు నువ్వు డ్యూటీకి పోయావు. అమ్మ గిర్నిలో ఉంది. నేను చెంచాతో నీళ్లు పట్టబోతే పెదాలు బిగించాడు. దిగక కాదు. కళ్లలోకి చూస్తూ బిగించాడు.

"ఎందుకు నాయినా?" అన్నాను.

"ఎన్ని దినాలున్నయ్ రా నీకు?"

"తొమ్మిది."

"అండ్లనే పోత. నువ్వున్నప్పుడే పోత. తర్వాత పోతె నిన్ను పోలీసోళ్లు వట్టుకొని తీసుకొస్తరు. నలుగురిల నీ చెయ్యి వాళ్ల చేతులుంటది. ఒక్కపారి సూసినం అది, కోర్టుల. మళ్ల మీ అమ్మకు సూపియ్యద్దు."

ఆయన ఇంకా, "మీరు గూడ నా దిక్కే సూస్తున్నరు గద, ఎప్పుడు పోతడా అని. మీ టైము ఖరాబు చెయ్యను తియ్యిరా" అని నవ్వబోయాడు. నిజమే తమ్మీ. మనం రోజులు లెక్కపెడుతున్నామని ఆయనకు తెలుసు. గోడ మీద క్యాలెండర్ నువ్వు తిప్పి పెట్టావు చూడు, అది కూడా గమనించాడు.

ఆయన అడిగింది చిన్న కోరిక. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోలేకపోయాను. వంటింట్లోకి పోయి జొన్నపిండి పలచగా జావ కాసి, చిటికెడు ఉప్పు వేసి, చల్లార్చి తెచ్చాను. తల ఒళ్లో పెట్టుకుని, "నా చేతుల మీద ఇప్పటికే ఒకడు పోయిండు నాయినా. నిన్ను గూడ పోనియ్యను. తాగు" అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన నన్ను చాలాసేపు చూసి నోరు తెరిచాడు. ఆ రోజు మూడు చెంచాలు. తర్వాత రోజూ అర గ్లాసు. కోలుకున్నాడని నువ్వు సంబరపడ్డావు. అందుకే నీకు చెప్పలేదు.

పద్నాలుగో రోజు సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయనకు ఊపిరి ఉంది, తెలివి ఉంది. చెయ్యి ఎత్తాడు. ఆయన చెయ్యి ఎత్తే శక్తి నేను పోసిన జావే.

నేను తప్పు చేశానా తమ్మీ? ఎవర్ని అడగాలో తెలియక నిన్ను అడుగుతున్నాను. ఒకటి మాత్రం విను. ఆయన పోయినప్పుడు నన్ను పిలిపించడానికి దరఖాస్తు పెట్టకు. పోలీసులతో నేను రాకూడదని ఆయన మాట. అదైనా నిలబెట్టు. నిప్పు నువ్వు పెట్టు.

ఉమాశంకర్.


నాచారం,
6 ఆగస్టు 2024.

అన్నా,

నీ ఉత్తరం ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం వచ్చింది. నాయిన ఇరవై ఆరున పోయాడు. ఒక్క రోజు.

నేను ఏం చేశానో నీకు తెలుసు. పొద్దున పదింటికి ఊపిరి ఆగింది, పదకొండుకల్లా నేను స్టేషన్‌లో ఉన్నాను. పెద్దకొడుకు నిప్పు పెట్టాలి సార్ అని బతిమాలాను, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రెండు గంటలకు నిన్ను వ్యాన్‌లో తెచ్చారు. కుండ ఎత్తుకున్నప్పుడు కూడా ఆ పోలీసు నీ మోచెయ్యి వదల్లేదు. అమ్మ చూసింది. నువ్వు నా వైపు ఒకసారి చూశావు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. దరఖాస్తు పెట్టి మంచి పని చేశాను, అన్నకు రుణం తీర్చాను అనుకున్నాను. మరునాడు కవరు చింపాక అర్థమయింది.

ఎదురింటి మేడ మీద నుంచి ఒకడు ఫోన్లో నిన్ను వీడియో తీశాడు. నేను చూశాను. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. రెండు చేతులూ.

నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు తాగించకపోతే ఆ పద్నాలుగు రోజుల్లోనే పోయేవాడా అని డాక్టరమ్మను అడిగాను. ఆమె "చెప్పలేను" అంది. ఈసారి నేను అరవలేదు. ఇక నా తరఫున విను. నాయిన ఆ మాట నాతో చెప్పి ఉంటే నేనూ ఊరుకునేవాణ్ని కాదు. నీ అంత మంచిగా జావ కాయడం రాదు, అంతే తేడా.

నీకు తెలియని అయిదు రోజులు ఉన్నాయి. అవి చెప్తాను. నీ ఉత్తరం చదివాక వెనక్కి తిరిగి చూస్తే, నువ్వు పోయిన మరునాడు నాయిన మళ్లీ నోరు బిగించే పని చెయ్యాలి. చెయ్యలేదు. పొద్దున్నే ఆయనే అడిగాడు, "జావేదే?" అని. అమ్మ ఉరికి కాసి తెచ్చింది. ఒక చెంచా తాగి మొఖం చిట్లించాడు. "గిదేంది? పెద్దోడు గాసినట్టు లేదు" అన్నాడు. అమ్మ, "నాకు నలపై ఏండ్లు అయితుంది నీకు గాయవట్టి, ఇప్పుడు వంక వెడుతున్నవా?" అని తిట్టింది. అయినా తాగాడు. నాలుగు రోజులూ అదే మాట, అదే తిట్టు. అయిదో రోజు అడగలేదు.

అమ్మ ఇప్పుడు గిర్ని మూసేసింది. అమ్మదామా ఉంచుదామా తెలియదు. కడుపుకు సంబంధించిన ఏ లెక్కా నేనిక ఫోన్లో తెరవను. నీకు ఇంకా అయిదేళ్లు ఉన్నాయి. ఆ రోజు దాకా అమ్మ ఉంటుందో లేదో కూడా ఎవరినీ అడగను.

నిన్న కర్మ అయింది. గుండు చేయించుకున్నాను. సోమవారం ములాఖత్‌కు నా పేరు రాయించాను. జాలీ అవతల ఉంటావని తెలుసు. పరవాలేదు, వస్తున్నాను.

ఆ జావ ఎట్లా కాస్తావో అమ్మ కనుక్కోమంది. పిండి ముందు చన్నీళ్లలో కలుపుతావా, మరిగేటప్పుడు పోస్తావా? ఉత్తరంలో రాయకు. సోమవారం నోటితో చెప్పు.

నీ తమ్ముడు,
భూపాల్.